ఒక్క మ్యాచ్.. జీవితాంతం వెంటాడింది! నార్వే రిఫరీ ఓవ్రెబో కథ ఏంటి? చెల్సీ ఫ్యాన్స్ ఇప్పటికీ ఎందుకు మర్చిపోలేదు?

2009 మే 6. లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ స్టేడియం. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. ఆట 95వ నిమిషంలో ఉంది. చెల్సీ ప్లేయర్ మైకేల్ బల్లాక్ గోల్ వైపు గట్టిగా షాట్ కొట్టాడు. అడ్డంగా దూకిన బార్సిలోనా ఆటగాడు శామ్యూల్ ఎటోకి తగిలి బంతి పక్కకు పోయింది. చేతికి తగిలింది, పెనాల్టీ ఇవ్వాల్సిందే అంటూ బల్లాక్ అరిచాడు. రిఫరీ విజిల్ ఊదలేదు.

అంతే.. బల్లాక్ బంతిని వదిలేసి రిఫరీ వెంటపడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి, ముఖంలో ముఖం పెట్టి కేకలు వేస్తూ పక్కనే పరుగెత్తాడు. రిఫరీ మాత్రం అతని వైపు చూడకుండా బంతి ఎటు పోతే అటు పరుగెత్తుతూనే ఉన్నారు.

ఫుట్‌బాల్ వీడియోలు చూసేవాళ్లకు ఈ క్లిప్ బాగా తెలుసు. ఆ రిఫరీ పేరు టామ్ హెన్నింగ్ ఓవ్రెబో. దేశం నార్వే. ఏళ్ల తరబడి కష్టపడి యూరప్ టాప్ రిఫరీల లిస్టులోకి ఎక్కిన మనిషి. కానీ ఇప్పుడు ఆయన పేరు చెబితే గుర్తొచ్చేది ఆ ఒక్క రాత్రే.

ఇంతకీ ఆ రాత్రి ఏం జరిగింది? ఆయన నిజంగా అన్ని తప్పులు చేశారా? ఆ తర్వాత ఆయన కెరీర్ ఏమైంది? ఫుట్‌బాల్ ఏం నేర్చుకుంది? పూర్తి వివరాలు చూద్దాం.

ఎవరీ ఓవ్రెబో?

ఓవ్రెబో 1966లో నార్వే రాజధాని ఓస్లోలో పుట్టారు. ఆయన అసలు వృత్తి సైకాలజిస్ట్. అంటే మనుషుల మనసు ఎలా పనిచేస్తుందో చదువుకున్న వ్యక్తి. రిఫరీ పని దానికి తోడుగా సాగింది.

ఇది వింతగా అనిపించొచ్చు. కానీ నార్వే లాంటి చిన్న దేశాల్లో ఇది మామూలే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో రిఫరీలకు అదే ఫుల్‌టైమ్ ఉద్యోగం. నార్వేలో అప్పట్లో రిఫరీలు వారమంతా వేరే ఉద్యోగం చేసుకుని, మ్యాచ్ రోజున విజిల్ పట్టుకునేవారు. సాయంత్రాలు ఫిట్‌నెస్ ప్రాక్టీస్, సెలవు పెట్టి విదేశీ ప్రయాణాలు. అలా రెండు పడవల మీద కాళ్లు పెట్టే పైకి రావాలి.

ఆ పైకి రావడం కూడా ఒక్కసారిగా జరిగేది కాదు. ముందు స్థానిక పిల్లల మ్యాచ్‌లు. తర్వాత కింది డివిజన్లు. అక్కడ బాగా చేస్తే దేశంలో టాప్ లీగ్. అక్కడా మెప్పిస్తే దేశ ఫుట్‌బాల్ సంఘం ఆ పేరును ఫిఫాకు పంపుతుంది. ఫిఫా లిస్టులో పేరు ఉంటేనే అంతర్జాతీయ మ్యాచ్‌లకు అర్హత. ఈ లిస్టు ప్రతి ఏడాదీ మారుతుంది. ఫిట్‌నెస్ టెస్టులో ఫెయిలైనా, పనితీరు తగ్గినా పేరు పోతుంది.

ఓవ్రెబోకు ఫిఫా బ్యాడ్జి 1994లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 30 కూడా లేదు. అక్కడి నుంచి యూరప్ క్లబ్ టోర్నీల్లో పెద్ద మ్యాచ్‌ల దాకా వెళ్లడానికి ఏళ్లు పట్టింది. ప్రతి మ్యాచ్‌కూ స్టాండ్‌లో ఒక పరిశీలకుడు కూర్చుంటాడు. ప్రతి నిర్ణయానికీ మార్కులు వేస్తాడు. ఆ మార్కులను బట్టే తర్వాతి మ్యాచ్.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఎవరికీ గుర్తుండకుండా మ్యాచ్ ముగించినవాడే మంచి రిఫరీ. ఓవ్రెబో 15 ఏళ్ల పాటు చేసింది అదే.

యూరో 2008లో తొలి షాక్

2008లో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కలిసి యూరో కప్ నిర్వహించాయి. దానికి ఎంపికైన రిఫరీల్లో ఓవ్రెబో ఒకరు. జర్మనీ-పోలండ్ మ్యాచ్ ఆయనే నడిపించారు. లూకాస్ పొడోల్‌స్కీ రెండు గోల్స్‌తో జర్మనీ 2-0తో గెలిచింది.

రెండో మ్యాచ్ జ్యూరిక్‌లో ఇటలీ-రొమేనియా. అక్కడే తేడా వచ్చింది. హాఫ్‌టైమ్‌కు కాస్త ముందు ఇటలీ స్ట్రైకర్ లూకా టోనీ తలతో గోల్ కొట్టాడు. ఆఫ్‌సైడ్ అంటూ దాన్ని రద్దు చేశారు. రీప్లేలో చూస్తే టోనీ ఆఫ్‌సైడ్‌లో లేడు. మ్యాచ్ 1-1తో డ్రా అయింది.

ఆ గోల్ ఇవ్వాల్సింది, పొరపాటు జరిగిందని ఓవ్రెబో తర్వాత ఒప్పుకున్నారు. ఈ విషయం ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. తప్పు చేస్తే దాన్ని దాచుకునే అలవాటు ఆయనకు లేదు.

చెల్సీ, బార్సిలోనా.. మధ్యలో రిఫరీలు

2009 నాటి గొడవ అర్థం కావాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. చెల్సీ, బార్సిలోనా మధ్య అప్పటికే పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి. ఆ మంటల్లో ప్రతిసారీ ఎవరో ఒక రిఫరీ ఇరుక్కునేవారు.

2005 ఫిబ్రవరిలో బార్సిలోనాలో జరిగిన మ్యాచ్‌కు స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ వచ్చారు. చెల్సీ స్ట్రైకర్ దిదియె ద్రోగ్బాకు రెడ్ కార్డ్ చూపించారు. చెల్సీ 2-1తో ఓడింది. హాఫ్‌టైమ్‌లో బార్సిలోనా కోచ్ రిఫరీ గదిలోకి వెళ్లాడంటూ చెల్సీ కోచ్ జోస్ మౌరిన్యో ఆరోపించారు. దానిపై యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఫా ఆయనకు శిక్ష వేసింది. కానీ ఈలోపే ఫ్రిస్క్‌కు, ఆయన కుటుంబానికి బెదిరింపులు మొదలయ్యాయి. తట్టుకోలేక మార్చిలోనే ఆయన రిఫరీ పని వదిలేశారు.

ఏడాది తిరిగేసరికి 2006 ఫిబ్రవరిలో మళ్లీ అవే రెండు జట్లు, ఈసారి లండన్‌లో. రిఫరీ టెర్యే హౌగే. ఆయనదీ నార్వేనే. తొలి అర్ధభాగంలోనే లియోనెల్ మెస్సీని ఫౌల్ చేసినందుకు చెల్సీ డిఫెండర్ ఆసియెర్ డెల్ ఓర్నోను బయటికి పంపారు. చెల్సీ మళ్లీ 1-2తో ఓడింది. మళ్లీ గొడవ.

అదే ఏడాది మే నెలలో పారిస్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కూ హౌగేనే రిఫరీ. బార్సిలోనా, ఆర్సెనల్ తలపడ్డాయి. ఆట మొదలైన 18వ నిమిషంలో ఆర్సెనల్ గోల్‌కీపర్ యెన్స్ లేమాన్‌కు రెడ్ కార్డ్ ఇచ్చారు. బార్సిలోనా 2-1తో కప్ గెలిచింది.

అంటే 2009 మేలో ఓవ్రెబో స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో అడుగుపెట్టే నాటికి.. బార్సిలోనాతో ఆడితే రిఫరీలు తమకు అన్యాయం చేస్తారన్న అభిప్రాయం చెల్సీ అభిమానుల్లో బలంగా పాతుకుపోయింది. అందులోనూ మరో నార్వే రిఫరీ!

ఆ రాత్రి అసలేం జరిగింది?

సెమీఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లు. బార్సిలోనాలో జరిగిన మొదటిది 0-0. రెండోది చెల్సీ సొంతగడ్డపై.

9వ నిమిషంలోనే చెల్సీ మిడ్‌ఫీల్డర్ మైకేల్ ఎస్సియెన్ గాల్లో ఉన్న బంతిని ఎడమ కాలితో బాదాడు. బంతి క్రాస్‌బార్‌కు తగిలి లోపలికి దూసుకెళ్లింది. 1-0. ఆ టోర్నీ చరిత్రలోనే గొప్ప గోల్స్‌లో అదొకటి. కానీ ఆ మ్యాచ్ గురించి మాట్లాడేవాళ్లలో దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువే.

అప్పటి నుంచి చెల్సీ ఆటగాళ్లు ఒకదాని తర్వాత ఒకటిగా పెనాల్టీలు అడుగుతూనే ఉన్నారు. ఆ ఘటనలు ఇవీ:

* తొలి అర్ధభాగంలో ఫ్లోరెంట్ మలూదాను డానీ ఆల్వెస్ పడేశాడు. రిఫరీ ఫౌల్ ఇచ్చారు. కానీ పెనాల్టీ బాక్స్ బయట అంటూ ఫ్రీకిక్‌తో సరిపెట్టారు.

* కాసేపటికే బాక్స్‌లోకి దూసుకెళ్తున్న ద్రోగ్బాను ఎరిక్ అబిదాల్ పట్టి లాగినట్టు కనిపించింది. విజిల్ లేదు.

* 66వ నిమిషంలో నికొలస్ అనెల్కా కింద పడ్డాడు. వెనకాలే ఉన్న అబిదాల్‌కు రిఫరీ నేరుగా రెడ్ కార్డ్ చూపించారు. బార్సిలోనాకు 10 మందే మిగిలారు.

* 82వ నిమిషంలో అనెల్కా తప్పించబోయిన బంతి జెరార్డ్ పీకే చేతికి తగిలింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. రిఫరీ ఆట కొనసాగించమన్నారు.

* 95వ నిమిషంలో ఎటో ఘటన.

ఈ చివరి రెండింటి మధ్యలో అసలు దెబ్బ తగిలింది. 93వ నిమిషం. అప్పటిదాకా గోల్ పోస్టును పెద్దగా ఇబ్బంది పెట్టని బార్సిలోనాకు ఒక్క ఛాన్స్ దొరికింది. మెస్సీ ఇచ్చిన పాస్‌ను ఆండ్రెస్ ఇనియెస్టా బాక్స్ అంచు నుంచి కొట్టాడు. బంతి గోల్ పై మూలలోకి వెళ్లింది. 1-1.

గెలవకపోయినా ఎలా గట్టెక్కారు?

రెండు మ్యాచ్‌లూ కలిపితే స్కోరు 1-1. అయినా బార్సిలోనా ఫైనల్‌కు వెళ్లింది. కారణం అప్పటి 'అవే గోల్' నిబంధన. రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు సమానమైతే ఎదుటి జట్టు గడ్డపై ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లే గెలిచినట్టు. బార్సిలోనా లండన్‌లో ఒక గోల్ కొట్టింది. చెల్సీ బార్సిలోనాలో ఒక్కటీ కొట్టలేదు. లెక్క ముగిసింది.

అంటే చెల్సీకి ఒక్క పెనాల్టీ దొరికి, అది గోల్ అయ్యుంటే ఇనియెస్టా గోల్‌తో పని అయ్యేది కాదు. అభిమానుల మంట అంతా అక్కడే.

ఫైనల్ విజిల్ మోగాక ద్రోగ్బా ఊగిపోయాడు. అప్పటికే సబ్‌స్టిట్యూషన్‌లో బయటికి వెళ్లిన అతను కాళ్లకు చెప్పులతోనే మైదానంలోకి వచ్చి రిఫరీ మీదికి వెళ్లాడు. ఆ తర్వాత టీవీ కెమెరా వైపు తిరిగి బూతు మాటతో ఇది సిగ్గుచేటు అని అరిచాడు. అది లైవ్‌లో లక్షల మంది విన్నారు.

నిబంధనల ప్రకారం చూస్తే ఎవరిది తప్పు?

ఇన్నేళ్ల తర్వాత రీప్లేలు ఆపి ఆపి చూసి మాట్లాడటం సులువే. అయినా ఒక్కో ఘటననూ నిబంధనలతో పోల్చి చూడాల్సిందే.

మలూదా ఫౌల్: పెనాల్టీ బాక్స్ గీత కూడా బాక్స్‌లో భాగమే. లాగడం బయట మొదలై లోపల కూడా కొనసాగితే నిబంధన ప్రకారం పెనాల్టీ ఇవ్వాలి. ఇక్కడ ఫౌల్ జరిగిందని రిఫరీ ఒప్పుకున్నారు. గొడవంతా చోటు గురించే. పెనాల్టీ ఇచ్చి ఉండాల్సిందన్నదే ఎక్కువ మంది మాట.

పీకే హ్యాండ్‌బాల్: 2009లో హ్యాండ్‌బాల్ అంటే కావాలని చేతితో బంతిని ఆడటం. చెయ్యి బంతి వైపు వెళ్లిందా, బంతి ఎంత దూరం నుంచి వచ్చింది అన్నవి రిఫరీ చూడాలి. పీకే చెయ్యి శరీరానికి దూరంగా పైకి లేచి ఉంది. ఆ రాత్రి తప్పుల్లో అన్నిటికంటే స్పష్టమైనది ఇదేనని చాలామంది విశ్లేషకులు అంటారు. 2019లో ఈ నిబంధనను తిరగరాశారు. చెయ్యి అసహజంగా చాచి శరీరాన్ని పెద్దది చేసుకుంటే కావాలని చేయకపోయినా తప్పే. ఈ లెక్కన ఇప్పుడైతే అనుమానమే ఉండదు.

ఎటో ఘటన: షాట్ చాలా దగ్గర నుంచి వచ్చింది. ఎటో పక్కకు తిరిగి ఉన్నాడు. అప్పటి నిబంధనతో చూస్తే పెనాల్టీ ఇవ్వకపోవడానికి కారణాలు ఉన్నాయి. అందరూ గుర్తుపెట్టుకున్న క్లిప్ ఇదే. కానీ నిజానికి అంత గట్టి కేసు కాదు.

అబిదాల్ రెడ్ కార్డ్: దీన్ని చాలామంది మర్చిపోతారు. రీప్లేలో చూస్తే అనెల్కా తన కాలే తనకు తగిలి పడినట్టు ఉంది. అంటే ఈ తప్పు బార్సిలోనాకు వ్యతిరేకంగా జరిగింది! దానివల్ల అబిదాల్ ఫైనల్ ఆడలేకపోయాడు. ఎల్లో కార్డ్ వల్ల ఆల్వెస్ కూడా ఫైనల్‌కు దూరమయ్యాడు.

ఇక్కడే ఒక పుకారు సంగతి కూడా చూడాలి. 2008 ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్, చెల్సీ ఆడాయి. వరసగా రెండో ఏడాది కూడా రెండు ఇంగ్లిష్ జట్లు ఫైనల్‌కు రావడం యూఫాకు ఇష్టం లేదని, అందుకే ఇలా చేయించారని ప్రచారం జరిగింది. ఆధారం ఒక్కటీ లేదు. పైగా బార్సిలోనాను గెలిపించాలనుకున్న రిఫరీ 66వ నిమిషంలో, ఆ జట్టు 0-1తో వెనకబడి ఉండగా, దాని డిఫెండర్‌నే ఎందుకు బయటికి పంపుతారు? ఈ ప్రశ్నకు పుకారు పుట్టించినవాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రిఫరీ రెండు వైపులా తప్పులు చేశారు. ఎక్కువ నష్టం చెల్సీకి జరిగింది.

ఒక్క మనిషి.. ఎంతని చూడగలడు?

టీవీలో చూసేవాళ్లకు డజనుకు పైగా కెమెరాలు ఉంటాయి. స్లో మోషన్, జూమ్ అన్నీ ఉంటాయి. మైదానంలో రిఫరీకి ఉండేవి రెండు కళ్లు. అటు ఇటు గీతల దగ్గర ఇద్దరు అసిస్టెంట్ రిఫరీలు. 2009లో అంతకుమించి ఏమీ లేదు. మన క్రికెట్‌లో రనౌట్ డౌట్ వస్తే థర్డ్ అంపైర్‌ను అడగడం అప్పటికే పాత విషయం. ఫుట్‌బాల్‌లో మాత్రం అడగడానికి ఎవరూ లేరు.

రిఫరీ ఒక మ్యాచ్‌లో దాదాపు 10 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతారు. మైదానానికి ఐమూలగా కదులుతూ బంతి తనకు, అసిస్టెంట్‌కు మధ్యలో ఉండేలా చూసుకుంటారు. అయినా ఆటగాడి వీపు అడ్డొస్తే చెయ్యి కనపడదు. వెనక నుంచి చూస్తే బాక్స్ గీత ఎక్కడుందో తెలియదు. నిర్ణయానికి ఉండేది ఒక్క సెకను.

దీనికి తోడు ఒత్తిడి. ఒక పెనాల్టీ ఇవ్వకపోతే స్టేడియం మొత్తం గోల చేస్తుంది. రెండోది కూడా ఇవ్వకపోతే ఆటగాళ్లు చుట్టుముడతారు. ఇక మూడోసారి రిఫరీ ముందు రెండు దారులు. పాత తప్పును సరిచేయాలని ఇప్పుడు ఇచ్చేయడం లేదా ఒత్తిడికి లొంగాననుకుంటారేమోనని మరింత బిగుసుకుపోవడం. రెండూ ప్రమాదమే. ప్రతి ఘటననూ కొత్తగా చూడమని రిఫరీలకు శిక్షణ ఇచ్చేది అందుకే. సైకాలజిస్ట్ అయిన ఓవ్రెబోకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. తెలిసినా ఆ రాత్రి మాత్రం అది కలిసి రాలేదు.

హోటల్ మార్చి.. పోలీసుల కాపలాతో..

మ్యాచ్ అయిపోయింది కానీ కథ అవ్వలేదు. భద్రత కోసం ఓవ్రెబోను ముందు బస చేసిన హోటల్ నుంచి వేరే హోటల్‌కు మార్చారు. తర్వాత పోలీసుల రక్షణతో దేశం దాటించారు. ఇంటికి చేరాక కూడా చంపేస్తామంటూ బెదిరింపులు వచ్చాయి. అవి ఒకటి రెండు వారాలతో ఆగిపోలేదు. ఏళ్ల తర్వాత కూడా కోపంతో నిండిన మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయని ఆయనే చెప్పారు.

యూఫా విచారణ జరిపి ద్రోగ్బాకు 6 మ్యాచ్‌ల నిషేధం వేసింది. అందులో 2 మ్యాచ్‌లను వాయిదా శిక్షగా పెట్టింది. మ్యాచ్ తర్వాత మీడియా ముందు రిఫరీని దొంగతో పోల్చిన జోసే బోసింగ్వాపైనా నిషేధం పడింది. చెల్సీ క్లబ్‌కు జరిమానా విధించారు. ఆటగాళ్లిద్దరూ తర్వాత క్షమాపణ చెప్పారు.

ఇక బార్సిలోనా రోమ్‌లో జరిగిన ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 2-0తో ఓడించింది. కోచ్‌గా పెప్ గార్డియోలాకు అదే తొలి సీజన్. లీగ్, కప్, యూరప్ టైటిల్.. మూడూ గెలిచారు. ఆ ఇనియెస్టా గోల్ ఒక స్వర్ణయుగానికి మొదటి మెట్టు అయింది. ఒకే రాత్రి.. ఒకరికి చరిత్ర, మరొకరికి మచ్చ.

మళ్లీ అదే కథ.. 2010లో మ్యూనిక్

యూఫా ఓవ్రెబోను పక్కన పెట్టేయలేదు. 2010 ఫిబ్రవరి 17న బయర్న్ మ్యూనిక్, ఫియొరెంటీనా మధ్య ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ మ్యాచ్ ఆయనకే ఇచ్చింది. నిలదొక్కుకోవడానికి మంచి అవకాశం.

కానీ 89వ నిమిషంలో మిరోస్లావ్ క్లోజె కొట్టిన గోల్‌తో బయర్న్ 2-1తో గెలిచింది. క్లోజె స్పష్టంగా ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు. జెండా ఎత్తాల్సింది అసిస్టెంట్ రిఫరీ. ఆయన ఎత్తలేదు. తిట్లు మాత్రం ఓవ్రెబోకే పడ్డాయి. రెండో మ్యాచ్‌లో ఫియొరెంటీనా 3-2తో గెలిచినా, అవే గోల్స్ లెక్కన బయర్న్ ముందుకెళ్లింది. ఆ సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్లింది.

ఆ వేసవిలో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్. రిఫరీల లిస్టులో ఓవ్రెబో పేరు లేదు. అంతర్జాతీయ స్థాయిలో ఆయన ప్రయాణం ఆ తర్వాత ఎక్కువ కాలం సాగలేదు.

తప్పు ఒప్పుకున్న మనిషి

మైదానం వదిలాక ఓవ్రెబో తన అసలు వృత్తిలో మరింత ముందుకెళ్లారు. నార్వే ఒలింపిక్ క్రీడాకారులను తయారుచేసే ఒలింపియాటొప్పెన్ సంస్థలో స్పోర్ట్స్ సైకాలజిస్ట్‌గా పనిచేశారు. పెద్ద పోటీలో తప్పు జరిగినప్పుడు దాన్ని మనసులోంచి తీసేసి తర్వాతి క్షణం మీద దృష్టి పెట్టడం ఎలా? ఒత్తిడిని తట్టుకోవడం ఎలా? అథ్లెట్లు తేల్చుకోవాల్సింది ఇలాంటివే. ఈ పాఠాలు ఆయన కంటే ఖరీదుగా నేర్చుకున్నవాళ్లు తక్కువ.

2009 మ్యాచ్ గురించి అడిగినప్పుడల్లా ఆయన తప్పించుకోలేదు. అది తన మంచి రోజుల్లో ఒకటి కాదని, ఆ ప్రదర్శన గురించి గర్వపడలేనని తర్వాతి ఏళ్లలో ఇచ్చిన ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆటగాడైనా, కోచైనా, రిఫరీ అయినా కొన్ని రోజులు ఉండాల్సిన స్థాయిలో ఉండలేరన్నది ఆయన మాట.

తేడా ఒక్కటే. పెనాల్టీ మిస్ చేసిన ఆటగాడికి వచ్చే వారం మళ్లీ అవకాశం వస్తుంది, గోల్ కొడితే అందరూ మర్చిపోతారు. ద్రోగ్బానే తీసుకోండి. 2012లో అదే చెల్సీ సెమీఫైనల్‌లో అదే బార్సిలోనాను ఓడించింది. మ్యూనిక్ ఫైనల్‌లో ఆఖరి పెనాల్టీ కొట్టి కప్ గెలిపించింది ద్రోగ్బానే. 2009 లెక్క అతను సరిచేసుకున్నాడు. రిఫరీకి అలాంటి రెండో ఫైనల్ ఉండదు. ఆ తర్వాత 100 మ్యాచ్‌లు తప్పు లేకుండా నడిపినా వాటికి హైలైట్స్ వీడియో రాదు.

ఆ తర్వాత ఏం మారింది?

ఆ ఒక్క మ్యాచ్ వల్లే అన్నీ మారాయని చెప్పలేం. కానీ రిఫరీలకు సాయం కావాలన్న వాదనకు అందరూ చూపించే ఉదాహరణల్లో అదొకటి అయింది.

* 2010-11 సీజన్ నుంచి ఛాంపియన్స్ లీగ్‌లో గోల్ పోస్టుల పక్కన ఇద్దరు అదనపు అసిస్టెంట్ రిఫరీలను పెట్టారు. బాక్స్‌లో జరిగేవి దగ్గర నుంచి చూడటం వాళ్ల పని.

* 2018లో వీడియో అసిస్టెంట్ రిఫరీ, అంటే వీఏఆర్, ఫుట్‌బాల్ నిబంధనల్లోకి వచ్చింది. అదే ఏడాది రష్యా ప్రపంచకప్‌లో వాడారు. 2019 ఫిబ్రవరి నుంచి ఛాంపియన్స్ లీగ్‌లోకి వచ్చింది.

* 2021-22 సీజన్ నుంచి యూఫా అవే గోల్ నిబంధనను తీసేసింది. ఇప్పటి లెక్కలో అయితే ఆ 1-1 తర్వాత ఎక్స్‌ట్రా టైమ్ ఆడాల్సి వచ్చేది.

వీఏఆర్ అన్నిటిలోనూ తల దూర్చదు. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డ్, ఒకరికి ఇవ్వాల్సిన కార్డ్ మరొకరికి ఇవ్వడం.. ఇలాంటి కొన్నింటిలోనే. అది కూడా కళ్లకు కట్టినట్టు తప్పు కనిపిస్తేనే. మరి ఆ రాత్రి వీఏఆర్ ఉండి ఉంటే? పీకే హ్యాండ్‌బాల్‌కు రిఫరీని స్క్రీన్ దగ్గరికి పిలిచేవాళ్లు. అబిదాల్ రెడ్ కార్డ్ వెనక్కి పోయేది. మలూదా ఫౌల్ లోపలా బయటా అన్నది తేలిపోయేది. ఎటో ఘటన మాత్రం ఇప్పటికీ వాదనగానే మిగిలేది.

ట్విస్ట్ ఏంటంటే.. నార్వేలోనే వీఏఆర్‌పై తిరుగుబాటు!

కథ ఇక్కడితో అయిపోలేదు. నార్వే టాప్ లీగ్‌లో వీఏఆర్ 2023లో మొదలైంది. అభిమానులు స్వాగతిస్తారనుకుంటే ఎదురు తిరిగారు. నిమిషాల తరబడి ఆట ఆగిపోతోంది, గోల్ పడినా సంబరం చేసుకోవాలంటే భయమేస్తోంది అన్నది వాళ్ల ఫిర్యాదు.

2024 జులైలో ట్రాండ్‌హైమ్‌లో రోసెన్‌బోర్గ్, లిల్లెస్ట్రామ్ మ్యాచ్‌లో ప్రేక్షకులు నిరసనగా మైదానంలోకి టెన్నిస్ బంతులు, చేప కేకులు విసిరారు. చేప కేకు అంటే చేప మాంసంతో చేసే గుండ్రటి బిళ్లలు, నార్వే ఇళ్లలో మామూలు తిండి. చివరికి ఆ మ్యాచ్‌ను మధ్యలోనే ఆపేశారు.

2025 జనవరిలో అక్కడి టాప్ రెండు డివిజన్ల క్లబ్బులు ఓటు వేశాయి. 32 క్లబ్బుల్లో 19 వీఏఆర్‌ను తీసేయాలన్నాయి. తుది నిర్ణయం మార్చిలో జరిగిన జాతీయ ఫుట్‌బాల్ సంఘం సమావేశంలో జరిగింది. అక్కడ 321-129 ఓట్లతో వీఏఆర్ కొనసాగించాలని తేల్చారు.

ఒకప్పుడు ఒక్క రీప్లే కూడా చూసుకునే వీల్లేక నార్వే రిఫరీ ప్రపంచం ముందు దోషిగా నిలబడ్డారు. ఇప్పుడు అదే దేశంలో రీప్లేలు ఎక్కువయ్యాయని జనం రోడ్డెక్కుతున్నారు. స్క్రీన్ వచ్చాక కూడా ఆ స్క్రీన్‌ను చూసి చివరి మాట చెప్పేది మనిషే. తిట్లు తినేదీ మనిషే.

టామ్ హెన్నింగ్ ఓవ్రెబో పేరు గూగుల్‌లో కొడితే ముందు వచ్చేది బల్లాక్ అరుస్తున్న ఫొటోనే. ఆ ఫొటోలో ఓసారి రిఫరీని కూడా చూడండి. 40 వేల మంది అరుస్తున్నారు. మీద ఒక ఆటగాడు విరుచుకుపడుతున్నాడు. ఆయన మాత్రం ఆగకుండా బంతి వైపే పరుగెత్తుతున్నారు. ఆ నిర్ణయాల్లో కొన్ని తప్పు. అది ఆయనే ఒప్పుకున్నారు. దానికి చంపేస్తామన్న బెదిరింపులు శిక్ష కావాలా అన్నది మాత్రం ఫుట్‌బాల్ ఇంకా తేల్చుకోలేదు.